కొత్త ఏడాదికి మీ బీరువా లక్ష్యాలు ఏమిటి? బట్టలు, కట్టు, కుట్టు గురించి మాట్లాడుకుందాం

గళ్ళచీర (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. కొత్త సంవత్సరం అనగానే బరువు, పొదుపు, నడక గురించి లక్ష్యాలు పెట్టుకుంటాం. రోజూ ఒంటి మీద ఉండే బట్టల గురించి మాత్రం అంతగా ఆలోచించం. పండక్కో పెళ్ళికో షాపుకి వెళ్తాం, నచ్చింది తెచ్చుకుంటాం, బీరువాలో పెడతాం. ఈసారి నేను ముందే కూర్చుని ఆలోచించాను. మీ అందరి మాటా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. వారంలో ఎక్కువ రోజులు చీరే. సెలవుల్లో బీరువా మొత్తం ఖాళీ చేసి, ఏడాదిగా కట్టని చీరలన్నీ ఒక పక్కన పెట్టి, ఒక్కోదాన్నీ ఎందుకు కట్టలేదో చూసుకుంటూ వచ్చాను. నచ్చక కట్టనివి చాలా తక్కువ. జాకెట్టు బిగుతైనవి, అసలు జాకెట్టే కుట్టించనివి, ఫాల్ వేయించనివి, రంగు కలిసే లంగా లేనివి, ఉతికాక గంజి పెట్టే తీరిక లేక మూలన పడినవి, ఇవే ఎక్కువ. చీరలు ఎక్కువయ్యాయా తక్కువయ్యాయా అన్నది కాదు ఇక్కడ విషయం. కొన్న తర్వాత చేయాల్సిన పని సగంలో ఆగిపోతోంది.

కాబట్టి నా లక్ష్యం కొనడం మానేయడం కాదు, ఉన్నవాటిని కట్టుకోవడం. ఉగాదిలోపు పక్కన పెట్టిన ప్రతి చీరనీ కట్టుకునే స్థితికి తేవాలి. తేలేనివి ఎవరికైనా ఇచ్చేయాలి. కొత్తది కొంటే ఫాల్ వేయించి, జాకెట్టు కుట్టించాకే బీరువాలోకి వెళ్ళాలి.

ఇంకో సంగతి కూడా తెలిసింది. నేను పదేపదే కట్టి మెత్తబడిన చీరలన్నీ ఒకే తీరువి: కాటన్, సన్న అంచు, ఒకే రంగు లేదా చిన్న గళ్ళు. నారాయణపేట, మంగళగిరి ఎక్కువ. కట్టకుండా ఉండిపోయినవాటిలో పెద్ద బుటాలు, బరువైన జరీ ఎక్కువ. షాపు లైట్ల కింద మాత్రం చేయి ఈ రెండో రకం మీదికే పోతుంది. మనకి నప్పేదేమిటో ఏ పత్రికా చెప్పక్కర్లేదు, మనం అరగదీసిన బట్టలే చెబుతాయి. మీరూ ఒకసారి చూసుకుని చెప్పండి.

బెజవాడ ఎండ (విజయవాడ)

మంచి విషయం ఎత్తుకున్నారు అక్కా. నాకు ఫంక్షన్లతోనే పెద్ద టెన్షన్. మాఘమాసం పెళ్ళిళ్ళు వస్తున్నాయి. మా చుట్టాల్లో ఒకసారి కట్టిన పట్టుచీర మళ్ళీ కడితే "ఇది మొన్న గృహప్రవేశానికి కట్టావుగా" అని నలుగురిలో అనేవాళ్ళున్నారు. ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పక్కపక్కనే పెడతారు కూడా. ఆ మాట పడలేక ఇక్కడి బట్టల మార్కెట్టు వస్త్రలతకి పరిగెత్తి, తొందరలో ఏదో ఒకటి కొని, తర్వాత దాని ముఖం చూడకపోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే.

ఈ సీజన్ మొత్తం ఉన్న పట్టుచీరలతోనే అని గట్టిగా అనుకున్నాను. రెండు ధర్మవరాలు, అమ్మ ఇచ్చిన పాత గద్వాల ఉన్నాయి. ఎవరైనా అంటే "అవును, అదే చీర, నాకిష్టం" అని చెప్తాను.

టైలరింగ్ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఒక ప్రశ్న. పెళ్ళినాటి ధర్మవరం చీర జాకెట్టు ఇప్పుడు చేతుల దగ్గరే పట్టేస్తోంది. వదులు చేయించవచ్చా, ఆశ వదులుకోవాలా?

కాజా పట్టీ (గుంటూరు)

ఆశ వదులుకోకమ్మా. ముందు జాకెట్టుని లోపలి వైపుకి తిప్పి చూడు. పక్క కుట్ల దగ్గర ఎంత గుడ్డ వదిలారో నీకు అంత అవకాశం ఉంది. ముందు భాగంలో అంగుళం, వెనక భాగంలో అంగుళం వదిలి ఉంటే, కొత్త కుట్టుకి కొంచెం ఉంచుకుని రెండు పక్కలా కలిపి మొత్తం మీద రెండున్నర మూడు అంగుళాల వదులు వస్తుంది. ఆ మార్జిన్ చంక నుంచి చెయ్యి అంచు దాకా సాగి ఉంటే చెయ్యి కూడా వదులవుతుంది. పట్టు మీద పాత కుట్టు విప్పితే సూది గుర్తులు పడతాయి. చంక కిందకి వస్తాయి కాబట్టి భయం లేదు.

మార్జిన్ లేకపోతే చంక దగ్గర పలక ముక్క వేస్తాం. దానికి అదే గుడ్డ కావాలి. అందుకే కుట్టించుకున్నప్పుడు మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకోండి, జాకెట్టుతో పాటే దాచుకోండి. ఇది ఈ ఏడాది అందరూ పెట్టుకోవాల్సిన లక్ష్యం అంటాను.

జాకెట్లు బిగుతవ్వడానికి ఒళ్ళు రావడం ఒక్కటే కారణం కాదు. లైనింగ్ గుడ్డని ముందుగా తడిపి ఆరబెట్టకుండా కుడితే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోతుంది. పై గుడ్డ అలాగే ఉంటుంది, లోపలిది లాగేస్తుంది, భుజం దగ్గర ముడతలు పడతాయి. ఆడవాళ్ళు లావయ్యామనుకుని బాధపడుతుంటారు. ఇచ్చేటప్పుడే "లైనింగ్ తడిపారా?" అని అడగండి. మంచి టైలర్ ఏమీ అనుకోడు.

ఇంకొకటి, ఎప్పుడిస్తున్నారన్నది. సంక్రాంతి కుట్లు అయిపోయాక, మాఘం ముహూర్తాలు మొదలయ్యేలోపు మాకు కాస్త ఊపిరి తీసుకునే టైముంటుంది. ఆల్టరేషన్లు అప్పుడివ్వండి, శ్రద్ధగా చేస్తాం. పెళ్ళి ముందు రోజు సాయంత్రం ఇస్తే ఎంత మంచి చేయైనా తొందరపడుతుంది.

నీలం చొక్కా (బెంగళూరు)

మగవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఐటీ ఆఫీసులో డ్రెస్ కోడ్ లేదు, దాంతో అందరం కంపెనీ ఇచ్చిన టీషర్టులతోనే ఏళ్ళు గడిపేస్తున్నాం. పెళ్ళికో పూజకో వెళ్ళాల్సి వస్తే బీరువాలో ఒక్క మంచి చొక్కా కనబడదు.

నాది సన్నటి ఒళ్ళు, పొడుగు చేతులు. రెడీమేడ్‌లో కాలర్ సరిపోతే చేతులు పొట్టి, చేతులు సరిపోతే నడుం దగ్గర సంచీలా వేలాడుతుంది. కాబట్టి ఈ ఏడాది చొక్కాలన్నీ గుడ్డ తీసుకుని కుట్టించుకోవాలన్నది లక్ష్యం. 58 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డయితే ఫుల్ చేతులకి మీటరూ అరవై సెంటీమీటర్లు చాలంటున్నారు. చేనేత గుడ్డల పన్నా తక్కువ కాబట్టి ఎక్కువ పడుతుంది, ముందే టైలర్‌ని అడిగి వెళ్ళాలి. రెండు తెల్లవి, రెండు నీలం, ఒక ఇక్కత్. అంతకుమించి అక్కర్లేదు.

రెండో లక్ష్యం పంచె కట్టుకోవడం నేర్చుకోవడం. వెల్‌క్రో అంటించే రెడీమేడ్ పంచెలు వచ్చాయి కానీ, తాతగారు గోచీ పోసి కట్టే పద్ధతి మా ఇంట్లో నాన్నతో ఆగిపోకూడదు. ఈ సంక్రాంతికి ఊరెళ్ళి నేర్చుకుంటాను.

కాజా పట్టీ (గుంటూరు)

చొక్కాకి కాలర్, నడుం తర్వాత, ముందు భుజం చూసుకో తమ్ముడూ. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. నడుం, చేతులు తర్వాత సరిచేయొచ్చు. భుజం తప్పితే మొత్తం విప్పాల్సిందే. కాటన్ గుడ్డయితే కుట్టే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వు.

పడుగు పేక (యాదాద్రి భువనగిరి జిల్లా)

మాది ఇక్కత్ నేసే ఇల్లు. ఇప్పుడు నేను చదువుకుని వేరే ఉద్యోగంలో ఉన్నా, నాన్న ఇంకా మగ్గం మీదే ఉన్నారు. "ఏడాదంతా ఒక్క బట్టా కొనను" అనే లక్ష్యాలు ఈ మధ్య బాగా కనబడుతున్నాయి. గళ్ళచీర గారు అలా అనలేదు, సంతోషం. అయినా ఒక మాట చెప్పాలి. కొనడం ఆపేటప్పుడు ఏది ఆపుతున్నారో చూసుకోండి. తొందరలో కొని ఒకసారి కట్టి పడేసేవి మానేయండి. పదేళ్ళు కట్టే ఒక చేనేత చీర మానేస్తే మాత్రం ఒక ఇంట్లో పని పోతుంది.

ఇక్కత్‌లో బట్ట నేయకముందే డిజైన్ నూలు మీద పడుతుంది. నూలుని చట్రానికి బిగించి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా కట్టు కట్టి రంగులో ముంచుతారు. ఇంకో రంగు కావాలంటే మళ్ళీ కట్టు, మళ్ళీ ముంచడం. ఆ తర్వాతే మగ్గం. ఇంటిల్లిపాదీ చేసే పని అది. అదే డిజైన్‌ని మామూలు బట్ట మీద ప్రింటు కొట్టి "పోచంపల్లి" అని సగం ధరకన్నా తక్కువకి అమ్ముతారు. కొన్ని రకాల చీరలు చేనేతవాళ్ళే నేయాలని 1985లో చట్టం వచ్చింది. అయినా పవర్‌లూమ్ నకళ్ళు బజారులో కనబడుతూనే ఉన్నాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. చీర తిరగేసి చూడండి. నేసిన ఇక్కత్ రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది, ప్రింటు వెనక వెలిసినట్టు కనబడుతుంది. బొమ్మ అంచులు కత్తితో కోసినట్టు కాకుండా కొంచెం చెదిరినట్టు ఉంటాయి. అది లోపం కాదు, కట్టు కట్టి రంగు వేసిన గుర్తు. అంచు వెంట సన్నని రంధ్రాల వరస చూడండి. నేసేటప్పుడు బట్ట బిగువుగా ఉండటానికి సూదులు గుచ్చుతారు. 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ కూడా ఉంది. పట్టుకి సిల్క్ మార్క్ వేరు. సొసైటీల్లో, సహకార షోరూముల్లో కొంటే ఇంత పరీక్ష అక్కర్లేదు.

మీ లక్ష్యాల్లో "ఒకటే కొంటాను, ఎవరు నేశారో తెలిసింది కొంటాను" అని చేర్చుకోమని అడుగుతున్నా.

రెండు బస్సులు (విశాఖపట్నం)

మీ అందరి మాటలూ బాగున్నాయి. కానీ నా రోజు వేరేగా ఉంటుంది. ఆసుపత్రిలో ఉద్యోగం, రెండు బస్సులు మారాలి, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. కాటన్ చీర ఉతికి, గంజి పెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీకిచ్చి, మళ్ళీ తెచ్చుకునే ఓపిక ఎక్కడిది? పాలిస్టర్ క్రేప్ చీర ఉతికి దండెం మీద వేస్తే తెల్లారేసరికి సిద్ధం. చేనేత కట్టాలని చెప్పడం తేలిక. ఆ చాకిరీ చివరికి ఆడవాళ్ళ మీదే పడుతుంది. ఈ మాట ఎవరో ఒకరు అనాలి.

రెండో కాన్పు తర్వాత నా సైజు మారింది. పాత బట్టలు ఎప్పుడో పడతాయని అటక మీద పెట్టి, రోజూ అవే నాలుగు చుడీదార్లు తిప్పుతున్నాను. నా లక్ష్యం ఒక్కటే. పొద్దున బట్టల గురించి ఆలోచించకూడదు. ఇప్పుడున్న ఒంటికి సరిపోయే ఐదు జతలు. ఆదివారం ఇస్త్రీ చేసి చున్నీతో సహా హ్యాంగర్లకి వేసేస్తాను. ఒక్కో రోజుకి ఒక్కోటి. అంతే.

గళ్ళచీర (హైదరాబాద్)

మీరన్న మాట నిజం. బట్టల చాకిరీ లెక్కలోకి తీసుకోని లక్ష్యం నిలబడదు. నేనూ అన్ని చీరలకీ గంజి పెట్టడం మానేయాలనుకుంటున్నా. మంగళగిరి కాటన్ నాలుగు ఉతుకులయ్యాక గంజి లేకుండానే మెత్తగా ఒంటికి అంటిపెట్టుకుని బాగుంటుంది. కుచ్చిళ్ళు కత్తిలా నిలబడకపోతే పోయిందేముంది! కాలేజీలో ఎవరూ పట్టించుకోరు.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. విశాఖ ఉక్కపోతలో, బస్సులో నిలబడి వెళ్ళే మనిషికి పాలిస్టర్ హింస. చెమట పీల్చదు, సాయంత్రానికి ఒరుసుకుని మంట. ఆ ఐదు జతలూ కాటన్ చుడీదార్లు చేసుకోండి. ముదురు రంగులు, చిన్న ప్రింటు అయితే నలిగినా తెలియదు. మీకు చీరకన్నా అవే నప్పుతాయంటే వాటితోనే ఉండండి, చీర కట్టాలని రూలేమీ లేదు. అటక మీదవి కూడా ఒకసారి దించండి. ఇప్పుడున్న ఒంటికి బట్టలుండటం మీ హక్కు. పడనివాటిని రోజూ తలుచుకుని బాధపడాల్సిన పనిలేదు.

రెండు బస్సులు (విశాఖపట్నం)

ఈ చివరి మాటకి థాంక్స్ అండీ. ఈ ఆదివారమే దించుతాను. కాటన్ సంగతి ఒక జతతో చూసి చెప్తాను. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

హాస్టల్ కిటికీ (హనుమకొండ)

అక్కలూ, అన్నలూ, నేను బీటెక్ చదువుతున్నా. చేనేత చీరలు కొనే డబ్బు నా దగ్గర లేదు. ఫ్రెండ్స్ అందరం ఫోన్ యాప్‌లలో మూడు వందల కుర్తీలు తెప్పించుకుంటాం. ఫొటోలో ఒక రంగు, వచ్చేది ఇంకో రంగు. రేయాన్‌వి రెండు ఉతుకులకే పొట్టివైపోతున్నాయి. నా లక్ష్యం తక్కువ డబ్బుతో ఎక్కువ రోజులు వచ్చేవి కొనడం. ఎలా చూడాలి? ఇంటర్వ్యూలకి వేసుకోవడానికి కూడా ఒకటి రెండు కావాలి.

కాజా పట్టీ (గుంటూరు)

రెడీమేడ్ కొంటే చేత్తో పట్టుకుని కొను బిడ్డా. లోపల కుట్టు పక్కన గుడ్డ ఎంత వదిలారో చూడు. దారం పక్కనే కోసేసి ఓవర్‌లాక్ కొట్టి ఉంటే తర్వాత చేసేదేమీ లేదు. రెండు చేతులతో పక్క కుట్టుని అటూ ఇటూ లాగి చూడు, దారాల మధ్య వెలుతురు కనబడితే పెట్టేయ్. రేయాన్ నచ్చితే ఒక సైజు పెద్దది, అంగుళం రెండంగుళాలు పొడుగ్గా ఉన్నది తీసుకో.

అంతకన్నా మంచిది కట్‌పీసు షాపులో కాటన్ గుడ్డ తీసుకుని కుట్టించుకోవడం. ఇంటర్వ్యూకి ఒకే రంగు కుర్తీ, మోచేతుల దాకా చేతులు, తెలుపో క్రీమో ప్యాంటు. ఆ ప్యాంటు అన్నిటి మీదికీ పనికొస్తుంది. అమ్మ పాత చీరలున్నాయా? చీర గుడ్డ అయిదున్నర మీటర్లు, ఒక లాంగ్ ఫ్రాకో అనార్కలీనో హాయిగా వస్తుంది. అయితే పాత పట్టు తెచ్చేముందు మడత దగ్గర వెలుతురికి పెట్టి చూడు. అక్కడ చిట్లి ఉంటే కుట్టు ఆగదు, చుట్టూ చీలిపోతుంది. పాత కాటన్, పాత జార్జెట్ అయితే నిశ్చింతగా కుట్టొచ్చు.

డాలస్ చలి (టెక్సాస్)

ఇక్కడి తెలుగువాళ్ళ కథ కూడా గళ్ళచీర గారు చెప్పినదే, దానికి విమానం తోడు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు రెండు ఇరవై మూడు కేజీల సూట్‌కేసులు. అందులో పచ్చళ్ళు, పొడులు పోగా చీరలు. ఫాల్ లేకుండా, జాకెట్టు లేకుండా వచ్చిన చీర ఇక్కడ రెండేళ్ళు అలాగే పడి ఉంటుంది. ఇక్కడ జాకెట్టు కుట్టు కూలి కొన్నిసార్లు చీర ధరని మించుతుంది. కాబట్టి నా లక్ష్యం స్పష్టంగా ఉంది. ఊరెళ్ళిన మొదటి రెండు రోజుల్లోనే ఆది జాకెట్టు టైలర్‌కి ఇవ్వాలి. వచ్చే లోపు కుట్టు పూర్తయిన చీరలే సర్దుకోవాలి.

చలికాలం గుడికి వెళ్ళాలంటే లోపల పల్చని థర్మల్స్ వేసుకుని పట్టుచీర కట్టుకుంటాం. అంచు బూట్లకి తగలకుండా కొంచెం పైకి కట్టాలి. డాలస్ ఎండాకాలం మాత్రం మన కోస్తాని మరిపిస్తుంది, అప్పుడు కాటన్ చీరలే సుఖం. ఇస్త్రీ బండి లేదు కాబట్టి చేతి స్టీమర్‌తో సరిపెడతాను.

ఈ ఏడాది మా వీధి స్నేహితులం చీరలు మార్చుకుందామని అనుకుంటున్నాం. ఎవరింట్లోనైనా కట్టకుండా ఉన్న చీరలు తెచ్చి, నచ్చినవాళ్ళు తీసుకోవడం. బెజవాడ అమ్మాయి చెప్పిన ఫొటోల బాధ మాకూ ఉంది, దీంతో కొంచెం తగ్గుతుంది.

ఒక సందేహం. అమ్మ ఇచ్చిన పాత పట్టుచీరల్లో జరీ నల్లబడుతోంది. ఎలా దాచాలి?

పడుగు పేక (యాదాద్రి భువనగిరి జిల్లా)

ప్లాస్టిక్ కవర్లలోంచి ముందు తీసేయండి, లోపల తేమ ఆగిపోతుంది. ఉతికిన పాత తెల్ల కాటన్ గుడ్డలో చుట్టండి. కొన్ని నెలలకోసారి తీసి, గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే జరీ అక్కడే తెగుతుంది. కలరా ఉండలు నేరుగా జరీకి తగలకూడదు, సెంటు కొట్టకూడదు. పాత జరీలో వెండి ఉంటుంది, వెండి గాలికి నల్లబడటం సహజం. ఇంట్లో నిమ్మకాయతోనో పౌడర్లతోనో తోమొద్దు. పాలిష్ తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

పొందూరు పంచె (శ్రీకాకుళం)

పదవీ విరమణ చేసిన మాస్టారిని. అందరూ చదివించేలా రాశారు. నేను ఎప్పటి నుంచో పొందూరు ఖద్దరే కడుతున్నాను. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, చేత్తో వడికిన సన్ననూలు అది. నా వయసులో కొత్త లక్ష్యాలంటే ఉన్నవి పంచడమే. కాబట్టి ఇచ్చేయడం గురించి మాత్రం చెబుతాను.

స్టీలు సామాన్లవాళ్ళకి పాత బట్టలు వేసే ముందు చూసుకోండి. మెత్తబడిన కాటన్ చీరలు, పంచెలు బొంతలకి ప్రాణం. మా ఇంట్లో పసిపిల్లలందరూ అమ్మమ్మల చీరల బొంతల మీదే పడుకున్నారు. పాత పట్టుచీరలు కొంటామని వీధిలోకి వచ్చేవాళ్ళు జరీలో వెండి కోసమే అడుగుతారు. అది అసలు జరీయో కాదో పరీక్ష చేయించుకోకుండా ఇవ్వకండి. ఇంకొకరికి కట్టుకోవడానికి ఇచ్చేటప్పుడు ఉతికి, ఇస్త్రీ చేసి, చిరుగు ఉంటే కుట్టి ఇవ్వండి. పుచ్చుకునేవాళ్ళూ మనలాంటి మనుషులే.

నీలం చొక్కా (బెంగళూరు)

మాస్టారూ, పంచె ఉతకడం ఎలాగో కూడా చెప్పండి. సంక్రాంతికి కొనబోయేది మీ ఊరిదే.

పొందూరు పంచె (శ్రీకాకుళం)

మిషన్‌లో వేయకు బాబూ. చల్లటి నీళ్ళు, మెత్తటి సబ్బు, పిండకుండా నీళ్ళు కారిపోయేలా ఆరెయ్యి. గంజి బాగా పల్చగా ఉండాలి. తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేస్తే మడత నిలుస్తుంది.

బెజవాడ ఎండ (విజయవాడ)

కాజా పట్టీ గారూ, జాకెట్టు తిప్పి చూశాను. పక్కకి ముప్పావు అంగుళం దాకా ఉంది, చెయ్యి అంచు వరకూ సాగింది. మిగిలిన ముక్కలు లేవు. సరిపోతుందా?

కాజా పట్టీ (గుంటూరు)

ముప్పావు అంగుళం అంటే మొత్తం మీద రెండు అంగుళాల వరకూ వస్తుందమ్మా, చేతికి చాలు. ఛాతీ దగ్గర ఇంకా పట్టేస్తే హుక్స్ పట్టీ విప్పి కొంచెం బయటికి వేయమని చెప్పు, అక్కడ అర అంగుళం దొరుకుతుంది. చీర కూడా వెంట తీసుకెళ్ళు. దారం రంగు గుడ్డకి ఆనించి, పగటి వెలుతురులో చూసి ఎంచుకోవాలి. సంక్రాంతి మర్నాడే ఇచ్చెయ్యి, పెళ్ళి దాకా ఆగకు.